ఇద్దరు పిల్లలు, ఒక గుడారం, ఒక పాల క్యాన్

పాలు తాగే పిల్లవాడొకడు, పరుగెత్తే పిల్లొకతె ఉన్న ప్రతి తల్లినీ ఏడాదికోసారి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి గుడారంలో ఉంచాలని చట్టం తేవాలి! తమాషాకు అనడం లేదు. బాగా ఆలోచించి, ఎవరూ అడగకపోయినా, దేశం మేలు కోరి అంటున్నాను.

విశ్రాంతి అంటే ఏమిటి? పని లేకపోవడమా? అది పాతకాలపు అర్థం. మన దగ్గరికి సాఫ్ట్‌వేర్ వచ్చాక విశ్రాంతి అంటే ఇంట్లో చేసే పనినే ఇంకో ఊళ్లో చేయడం. దాన్ని ‘చేంజ్’ అంటారు. నమ్మకం లేనివాళ్లు ఎంకపల్లి అరుణజ్యోతి సంగతి వినాలి.

అరుణజ్యోతి పుట్టిల్లు చేవెళ్ల, మెట్టినిల్లు మొయినాబాద్ పక్కన ఎంకపల్లి. భర్త జైపాల్ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. కూతురు పూజితకు మూడేళ్లు నిండలేదు. కొడుకు శ్రవణ్‌ది ఇంకా కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయే వయసు. ఇంట్లో వీళ్లు కాక అత్త శంకరమ్మ, ఆమె బర్రెలు.

అరుణజ్యోతి అప్పటిదాకా చూసిన అతి పెద్ద నీళ్లు గండిపేట చెరువు. దానికి అవతలి ఒడ్డు కనిపిస్తుంది. కాలేజీ టూర్ సముద్రానికి వెళ్లినప్పుడు ఇంట్లో ఆమెను పంపలేదు. వెళ్లొచ్చిన స్నేహితురాలు ప్రవళిక మాత్రం, అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంటే ఎలా ఉంటుందో క్లాసులో కూర్చోబెట్టి మరీ చెప్పింది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. ఒక్కసారి ఆ నీళ్లలో నిలబడాలి, కాళ్ల కింద ఇసుక కదలాలి. ఆమెకు కావలసింది అంతే.

ఆ ఏడాది జైపాల్ కంపెనీలోకి ‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ అనే మాట కొత్తగా దిగింది. వారం పాటు ఉద్యోగులెవరినీ చీకటి పడేదాకా ఇంటికి పంపకుండా దాని మీద ట్రైనింగ్ ఇచ్చారు. అది పూర్తయ్యాక టీమ్ లీడ్ స్వామిదాసు, తాను ఆన్‌సైట్ పని మీద అమెరికా వెళ్లినప్పుడు తెచ్చుకున్న గుడారాన్ని జైపాల్ చేతిలో పెట్టి, “ఫ్యామిలీతోని బీచ్ క్యాంపింగ్ పో బ్రదర్, లైఫే మారిపోతది” అన్నాడు. స్వామిదాసుకు ఇంకా పెళ్లి కాలేదన్న విషయం జైపాల్‌కు ఆ సమయంలో తట్టలేదు.

“పసిపిల్లలున్నరు గదా, ఏదన్న రూమ్ కిరాయికి తీసుకుందాం” అంది అరుణజ్యోతి.

“రూమ్‌ల ఏముంటది? నాలుగు గోడలు. టెంట్‌ల అయితే నేచర్ ఉంటది” అన్నాడు జైపాల్.

గోడలు, కుళాయి, తలుపు గడియ లాంటివన్నీ మనిషికి, ప్రకృతికి మధ్య ఎంత అడ్డమో చూడండి!

బయలుదేరే రోజు శంకరమ్మ పాలు పోసే పెద్ద అల్యూమినియం క్యాన్ తెచ్చి కారు దగ్గర పెట్టింది. “సముద్రం నీళ్లల్ల కాళ్లు పెడితే మోకాళ్ల నొప్పులు పోతయని శాంతమ్మ చెప్పింది. దీన్ని నిండ నింపుకొని రాండ్రి” అంది. ఇరుగింటి శాంతమ్మ కూడా సముద్రం చూసింది లేదు, అయినా మాట మాటే. వెనక పెడితే దొర్లి పిల్లల మీద పడుతుందని జైపాల్ క్యాన్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాడు. వెనక సీట్లో పిల్లలిద్దరూ, గుడారం, కిరోసిన్ స్టవ్వు, జొన్నరొట్టెల మూట, వాటి సందుల్లో అరుణజ్యోతి సర్దుకున్నారు. బాపట్ల దాకా క్యాన్‌కు ఏ ఇబ్బందీ కలగలేదు.

తీరానికి చేరగానే కారు తలుపు తెరిచి అరుణజ్యోతి అలాగే నిలబడిపోయింది. అవతలి ఒడ్డు నిజంగానే లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆమెకు రాగానే శ్రవణ్‌కు కూడా వచ్చింది. వాడిది ఆకలి ఏడుపు కాబట్టి దానికే ముందు వరుస. గాలి సముద్రం మీద నుంచి ఇసుకను మోసుకొస్తోంది. అందుకని ఆమె పిల్లవాడికి తన వీపు అడ్డం పెట్టి, సముద్రం వైపు తిరగకుండా కూర్చుని పాలిచ్చింది. సముద్రాన్ని అందరూ చూస్తారు. శ్రద్ధగా వినే భాగ్యం ఎందరికి దొరుకుతుంది?

గుడారం లేచింది. లేచాక రెండు కడ్డీలు మిగిలాయి. “అవి స్పేర్” అన్నాడు జైపాల్. సాయంత్రం గాలికి గుడారం ఒక పక్క కూలినప్పుడు ఆ రెండూ ఎక్కడ పెట్టాలో అతనికి దానంతటదే అర్థమైంది. ఇంత చక్కటి ట్రైనింగ్ ఏ కంపెనీ ఇస్తుంది?

ఇక ఇసుక ఉంది చూశారూ, దాని ఉపకారం చెప్పనలవి కాదు. ఉగ్గులో ఇసుక, పాలసీసా మూతలో ఇసుక, పూజిత చెవుల్లో ఇసుక. శ్రవణ్ దాన్ని గుప్పెటతో తిన్నాడు. ఇంటి దగ్గర గంటసేపు బతిమాలినా నాలుగు చెంచాల ఉగ్గు తినని పిల్లవాడు అక్కడ ఎవరూ పెట్టకుండానే తినడం నేర్చుకున్నాడు! ఇంట్లో గుడ్డలు ఉతకాలంటే బోరు, బండ, దండెం ఉంటాయి, చేసిన పని చేసినట్టే తెలియదు. ఇక్కడ చేతిపంపు దాకా నడిచి ఉతికి, గుడారం తాళ్ల మీద ఆరేస్తే గాలి వాటిని ఇసుకలో పడేస్తుంది. మళ్లీ ఉతకొచ్చు. పనిలో పరిపూర్ణత అలాగే వస్తుంది.

పూజితకు, సముద్రానికి మొదటి గంటలోనే చెడింది. ఒక అల వచ్చి ఆమె ఎర్ర చెప్పును ఎత్తుకుపోయింది. సముద్రం దొంగదని, రేపో మాపో తన మమ్మీని కూడా ఎత్తుకుపోతుందని ఆ పిల్ల తేల్చేసుకుంది. అరుణజ్యోతి నీళ్ల వైపు నాలుగడుగులు వేస్తే చాలు, “మమ్మీ, వద్దూ” అని తీరమంతా దద్దరిల్లేలా ఏడుపు. డాడీని ఎత్తుకుపోవడానికి మాత్రం ఆ పిల్లకు అభ్యంతరం ఉన్నట్టు లేదు. జైపాల్ నీళ్లలోకి దిగినప్పుడల్లా చేయి ఊపి టాటా చెప్పింది.

జైపాల్ నీళ్లలోకి ఎందుకు దిగాడంటారా? సరదాకు కాదు, పాపం. ఆ తీరంలో సెల్‌ఫోన్ సిగ్నల్ ఒడ్డు మీద దొరకదు. మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్తే రెండు గీతలు వస్తాయి. అమెరికాలో ఎవరి ప్రోగ్రామో ఆగిపోయింది. దాన్ని నడిపించడానికి జైపాల్ ప్యాంటు పైకి మడిచి, ఆ రెండు రోజుల్లో మేలుకున్న సమయం చాలా వరకు బంగాళాఖాతంలోనే గడిపాడు. అలలు వచ్చాయి, పోయాయి. అతని కాళ్ల కింద ఎంత ఇసుక కదిలిందో అతనికి తెలియదు. సముద్రం వైపు వీపు పెట్టి “యా, యా, టుడే ఈవినింగ్ డెఫినెట్లీ” అంటూ ఉన్నాడు.

ఒడ్డున పిల్లవాడిని చంకనేసుకుని, పిల్లను చేత్తో పట్టుకుని నిలబడిన అరుణజ్యోతి అతని ముఖం చూడలేదు. అతని పిక్కల మీదికి ఎక్కి దిగుతున్న నీళ్లనే చూసింది. ఆ క్షణంలో ఆమెకు మొగుడి మీద వచ్చిన కోపం ఇంత అని చెప్పలేను.

“ఇగో, జర వీళ్లను పట్టుకుంటవా? ఒక్కసారి నీళ్లల్ల నిలబడొస్త” అని అరిచింది.

జైపాల్ ఫోను చెవి దగ్గరి నుంచి తీయకుండా, చూపుడు వేలు పైకెత్తి చూపించాడు. “ఒక్క నిమిషం!”

సాఫ్ట్‌వేర్ నిమిషం సామాన్యమైంది కాదు. అందులో శ్రవణ్ పాలు తాగి, కక్కి, నిద్రపోయి లేచాడు. పూజిత రొట్టె తిని, మిగిలింది కాకికి పెట్టి, అది ఎగిరిపోయిందని ఏడ్చింది. అప్పటికి వేలు మళ్లీ పైకి లేచింది.

మధ్య మధ్య జైపాల్ ఒడ్డుకొచ్చి డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీశాడు. పిల్లలు, సముద్రం. పిల్లలు, గుడారం. కొన్నింటిలో అంచున ఒక మోచేయి, గాజులు కనిపిస్తాయి. ఆ గాజులు అరుణజ్యోతివి. తరువాత ఆఫీసు గోడ మీద ‘ఫ్యామిలీ టైమ్’ అనే పేరుతో అంటించింది ఆ ఫొటోలనే. చూసినవాళ్లంతా జైపాల్‌ను మెచ్చుకున్నారు.

చివరి రోజు పొద్దున అరుణజ్యోతి ఇక ఆగలేదు. పిల్లవాడిని జైపాల్ చేతుల్లో పెట్టి, పిల్లను అతని పక్కన నిలబెట్టి, చీర కొంచెం పైకి పట్టుకుని నడిచింది. తడి ఇసుక వచ్చింది. చల్లగా ఉంది. వెనక పూజిత గొంతు లేచింది. అది విని శ్రవణ్ అందుకున్నాడు. “అరుణా, నీ కోసమే ఏడుస్తుండ్రు!” అని జైపాల్ అరిచాడు. ముందు నుంచి అల వస్తోంది. ఇంకో రెండడుగులు, లేదా కొంచెం ఓపిక. అల ఆమె వేళ్లకు జానెడు దూరంలో ఆగి, కాస్త నురగ వదిలి వెనక్కి పోయింది. ఆమె కూడా వెనక్కి తిరిగింది.

బయలుదేరేటప్పుడు జైపాల్‌కు క్యాన్ గుర్తుకొచ్చింది. “అవ్వ ఇంట్లకు రానియ్యది” అని తల్లిని తలచుకుంటూ పరుగెత్తి, నడుము లోతు నీళ్లలోకి వెళ్లి నింపుకొచ్చాడు. అరుణజ్యోతి ఇద్దరు పిల్లలను పట్టుకుని చూసింది. క్యాన్ ముందు సీట్లో కూర్చుంది. సముద్రం బెల్టు పెట్టుకుని ఇంటికి బయలుదేరింది.

ఎంకపల్లిలో మరునాడు పొద్దున షాబాద్ బండలు పరిచిన వాకిట్లో శంకరమ్మ బర్రెలకు కుడితి పెట్టే వెడల్పాటి తొట్టిని తోమి పెట్టింది. క్యాన్ ఒంచి పోసింది. నీళ్లతో పాటు అడుగున కొంత ఇసుక కూడా దిగింది. పీట వేసుకుని కాళ్లు అందులో పెట్టి, “అబ్బ!” అంది. తరువాత కోడలిని చూసి అడిగింది.

“అక్కడ అలల్ల నిలబడితే ఇంక మంచిగుంటదేమో గదా బిడ్డా? ఎట్ల అనిపిచ్చింది నీకు?”

“నేను నిలబడలే అత్తమ్మా.”

“ఏంది?”

“నీళ్ల దాంక పోలే. పిల్లలుండిరి గదా.”

శంకరమ్మ కోడలిని చూసింది. ఆఫీసుకు బయలుదేరుతున్న కొడుకును చూసింది. చటుక్కున లేచింది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి లేచిన తీరు కాదది. తొట్టిలోంచి కాళ్లు తీసి, కోడలి చంకలో ఉన్న శ్రవణ్‌ను తీసి జైపాల్ ఇస్త్రీ చొక్కా మీద పెట్టింది. పూజిత చేతిని అతని ఇంకో చేతికి అందించింది.

“అవ్వా, నాకు కాల్ ఉన్నది!”

“ఉండనియ్. ఆ ఫోన్ ఇటు తే.” ఫోను తీసుకుని రొండిన దోపుకుంది. “బిడ్డా, నువ్వు దిగు.”

అరుణజ్యోతి చీర పైకి పట్టుకుని తొట్టిలోకి దిగింది. నీళ్లు నులివెచ్చగా ఉన్నాయి. కాస్త పాల వాసన, కాస్త ఉప్పు వాసన. వేళ్లను కదిపితే పాదాల కింద ఇసుక కదిలింది. కళ్లు మూసుకుంది. పూజిత తొట్టిని అనుమానంగా చూసి, ఇందులో మమ్మీని ఎత్తుకుపోయేంత నీళ్లు లేవని రూఢి చేసుకుని ఊరుకుంది. శంకరమ్మ చెంబుతో కొన్ని నీళ్లు తీసి కోడలి పిక్కల మీద పోసింది, అల వచ్చినట్టు.

కనుక, చట్టం గురించి నేను మొదట అన్నమాట వెనక్కి తీసుకోవడం లేదు. చిన్న సవరణ ఒక్కటే. అందులో సముద్రం, గుడారం ఐచ్ఛికం. పిల్లలను పట్టుకోవడానికి ఇంకో మనిషి మాత్రం తప్పనిసరి.

ఇంతలో శ్రవణ్ చొక్కా తడిపాడు. పూజిత వేలు పట్టుకుని గుంజుతోంది. శంకరమ్మ రొండిన ఫోను మోగుతోంది.

“అరుణా, ఇంకెంతసేపు?” అన్నాడు జైపాల్.

అరుణజ్యోతి కళ్లు తెరవకుండానే చూపుడు వేలు పైకెత్తింది.

“ఒక్క నిమిషం.”