అంబాసిడర్ కింద ఎర్రనీళ్ళు

1998 ఆగస్టు 10, సోమవారం, ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలకు చంద్రగిరిలో గంగాధరం అంబాసిడర్ కారు కింద ఎర్రనీళ్ళు కనిపించాయి.

ఆ నీళ్ళు పోసింది ఆయన భార్య భారతమ్మ. కూతురు నవీనకు ఆ రోజు పది గంటలకు తిరుపతిలో బీఈడీ కౌన్సెలింగు. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే సీటు తర్వాతి ర్యాంకుకు పోతుంది. అందుకని భారతమ్మ పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళతో కూతురికి దిష్టి తీసి, పనిలో పనిగా ఆ నీళ్ళను కారు ముందు చక్రాల దగ్గర పోసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ కూడా తిప్పి, కారు షెడ్డు తడిక వెనకనున్న నీళ్ళపొయ్యిలో వేసింది. తర్వాత నోరు మూసుకుంది. బయల్దేరిన మనిషి వీధి మలుపు తిరిగేదాకా దిష్టి తీసినవాళ్ళు మాట్లాడకూడదు. మాట్లాడితే దిష్టి వెనక్కి వస్తుంది. ఇది ఆమె అత్తగారి నియమం. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. నియమం పోలేదు.

గంగాధరానికి ఇదేమీ తెలియదు. వేడినీళ్ళు బకెట్లో వస్తాయన్నంత వరకే ఆయనకు నీళ్ళపొయ్యితో పరిచయం. కారు సంగతి మాత్రం తనకు తెలుసునని ఆయన నమ్మకం. ఇరవై రెండేళ్ళలో ఆ కారును ఆయన ఏడుసార్లు బాగుచేశాడు. ఏడుసార్లూ ఆ తర్వాత మెకానిక్కు బాగుచేశాడు.

ఆయన గొంతుక్కూర్చుని ఎర్రనీళ్ళలో వేలు ముంచాడు. వాసన చూశాడు. నాలుకకు రాసుకున్నాడు.

"బ్రేకాయిలే," అన్నాడు. "నాలిక సుర్రుమంటా ఉండాది."

భారతమ్మ నెత్తి కొట్టుకుంది. దిష్టినీళ్ళు తొక్కకూడదని పిల్లలకు చెబుతారు. నాకకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

"నాయనా, అది దిష్టినీళ్ళేమో. అమ్మ ఇందాక నాకు తీసింది," అంది నవీన.

"దిష్టినీళ్ళు వాకిట్లో పోస్తారా, షెడ్డులో పోస్తారా? బీఈడీ సదవబోయే దానివి, ఆ మాత్రం తెలీదా? పో, పొయ్యి సర్టిఫికెట్లు సూసుకో."

భారతమ్మ నీళ్ళు చూపించింది, కూతురిని చూపించింది, గాలిలో చేతిని గుండ్రంగా మూడుసార్లు తిప్పింది.

గంగాధరం కళ్ళు చిట్లించాడు. "ఫ్యాను బెల్టంటావా? నువ్వు కూడా చెప్పేదానివైనావా మే!"

ఏడూ ఇరవైకి గాలి తిరిగింది. నీళ్ళపొయ్యిలోని మిరపకాయల పొగ తడికలోంచి దూరి కారు ముందు జాలీలోంచి బయటికి వచ్చింది. గంగాధరం దగ్గాడు. దగ్గుతూనే ఏకాంబరానికి కబురు పంపాడు. ఏకాంబరం ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేస్తాడు. మోటారన్నాక అన్నీ ఒకటేనని అతని సిద్ధాంతం.

వచ్చీ రాగానే ఏకాంబరం కూడా దగ్గాడు. "అన్నా, ఇది క్లచ్చి ప్లేటు కాలిన ఘాటు."

"ఇంజను స్టార్టే చెయ్యలేదు కదప్పా!"

"స్టార్టు చెయ్యకుండానే కాల్తా ఉండాదంటే సూడు, యాడికొచ్చిందో యవ్వారం!"

భారతమ్మ ఇక లాభం లేదనుకుంది. లోపలికి వెళ్ళి దిష్టి తీసిన పళ్ళెమే తెచ్చింది. అడుగున ఎర్రనీళ్ళు ఇంకా ఉన్నాయి. మొగుడి ముక్కు కింద పెట్టి చూపించింది.

"ఇన్నేండ్లకి ఒక పనికొచ్చే పని చేసినావు," అని గంగాధరం ఆ పళ్ళెం అందుకుని, చుక్కలు పట్టడానికి కారు కింద పెట్టాడు.

రెండు నిమిషాల తర్వాత ఏకాంబరం వంగి చూశాడు. "అబ్బో! అప్పుడే ఇంత కారిందా? అన్నా, పైపు పగిలింది."

ఎనిమిదిన్నరకు వాళ్ళు ముందు చక్రం దగ్గర బ్రేకు పైపు విప్పారు. పైపు పగల్లేదు. విప్పిన చోట నూనె ధారగా కారింది.

"నేను చెప్పలా!" అన్నాడు గంగాధరం.

"లీకంటే ఇట్లుండాల," అన్నాడు ఏకాంబరం.

తొమ్మిదికి ఐదు నిమిషాలుంది. నవీన ఫైలు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. భారతమ్మ ఆమెను రెక్క పట్టి లేపి, వీధి వైపు చూపించింది.

"బస్సుకా పోమంటావమ్మా?"

భారతమ్మ తల ఊపింది. మగవాళ్ళిద్దరి కాళ్ళు కారు కిందినుంచి బయటికి కనిపిస్తున్నాయి. తలలు కనిపించడం లేదు. నవీన గేటు దాటింది, వీధి మలుపు తిరిగింది.

భారతమ్మ నోరు తెరిచింది.

"అవి దిష్టినీళ్ళు! ఆ పొగ మిరక్కాయలది! పళ్ళెం నాది! రెండు గంటల నుంచి నోరు కట్టుకోని సస్తా ఉండాను. కండ్లుండేది దేనికి మీకు, బండి కింద దూరేదానికా? నాకినావే, ఉప్పు సాలిందా?"

ఇద్దరూ బయటికి వచ్చారు. గంగాధరం పళ్ళెం చూశాడు, తడిక చూశాడు.

"అయితే లీకే లేదు," అన్నాడు.

"లేదు!"

"అంటే బండి బాగుండాది. పిల్లిని నేనే దింపొస్తా."

పిల్లను పిల్లి అన్నాడని ఆయనకే తెలియలేదు. ఎక్కి స్టార్టు చేశాడు. ఏకాంబరం చేతిలో పైపు ఉంది. "అన్నా, ఇది..." అన్నాడు. అప్పటికి కారు గేటు దాటింది.

ఆ వీధి బస్టాండు దాకా పల్లం. చేతి బ్రేకు తొమ్మిదేళ్ళుగా పనిచేయదు. బస్టాండు దగ్గర తిరుపతి బస్సు కదులుతోంది. గంగాధరం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తప్పుకోండని అందరికీ ఊపాడు. తనకే వీడ్కోలు చెబుతున్నాడనుకుని బస్సులోంచి నవీన కూడా చెయ్యి ఊపింది. కారు బస్సును దాటి, ఆ పక్కనే నిర్మలమ్మ అనే ఆవిడ ఇల్లు కట్టడానికి తోలించుకున్న ఇసుక కుప్పలో బానెట్టు దాకా దిగి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

కౌన్సెలింగులో నవీన పేరు పదకొండు గంటలకు పిలిచారు. సీటు తిరుపతిలోనే వచ్చింది.

సాయంత్రం ఐదింటికి ఏకాంబరం ఇసుకలో పడుకుని కారు కింద చూశాడు. ఒక్క చుక్క కూడా పడటం లేదు. బ్రేకాయిలు అయిపోయింది.