నేరం రుజువు చేసుకోలేని లియాండర్

గంజాయి అమ్మడం నేరం కాదనీ, అది ప్రజాసేవ అనీ మా రాష్ట్ర ప్రభుత్వం మార్చి ఒకటో తేదీన గుర్తించింది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది సాయంత్రం దాకా అది నేరమే. ఒక మొక్క నడవడిలో ఒక్క రోజులో ఇంత మార్పు రావడం చూసి మా పికెట్స్ ఫెర్రీ పౌరులం ముచ్చటపడ్డాం. నేను కౌంటీ కచేరీలో, అంటే మా జిల్లా ఆఫీసులో, రికార్డుల గుమాస్తాను. ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసు. ప్రభుత్వం ఏది నేరమంటే అది నేరమనీ, కాదంటే కాదనీ నమ్మి జీతం తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి నాకే ఇబ్బందీ కలగలేదు.

కొత్త చట్టం చాలా దయగలది. పాత చట్టం వల్ల జైలుకు వెళ్లి బతుకు చెడిపోయిన వాళ్లకు న్యాయం చేయాలని దాని ఉద్దేశం. కౌంటీకి ఒకే ఒక్క గంజాయి దుకాణం, ఆ లైసెన్సులో మొదటి హక్కు గతంలో గంజాయి అమ్మి శిక్షపడిన వాడిది. ఇంత చక్కటి మాట శాసనసభలో ఎవరు అన్నారో తెలియదు గానీ, అన్నవాడికి చప్పట్లు కొట్టారని పత్రికలో వచ్చింది.

మా ఊళ్లో ఆ హక్కు ఎవరిదో అడగనక్కర్లేదు. లియాండర్ టాలివర్‌ది. ఇరవై ఆరో ఏట గంజాయి పొట్లాలు అమ్ముతూ పట్టుబడి, నాలుగేళ్లు లోపలుండి వచ్చాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికాడు. అంతకన్నా మంచి ఉద్యోగం అతనికి రాకుండా ఊరు ఊరంతా కాపలా కాసింది. బడి బస్సు నడుపుతానంటే బడివాళ్లకు ఆ కేసు గుర్తొచ్చింది. ఇల్లు అద్దెకడిగితే ఇంటివాళ్లకు గుర్తొచ్చింది. చర్చిలో కానుకల పళ్లెం ఒక్క ఆదివారం తాను తిప్పుతానంటే చర్చి పెద్ద డీకన్ ప్రెంటిస్‌కు గుర్తొచ్చింది. ప్రెంటిస్ ఆ పళ్లెం నలభై ఏళ్లుగా తిప్పుతున్నాడు, చేతులు మారితే దేవుడికి అయోమయంగా ఉంటుందని చెప్పాడు.

దరఖాస్తు పెట్టకముందే దుకాణం చేతిలో ఉండాలని నిబంధన. లియాండర్ పాత చెప్పుల రిపేరు కొట్టు తీసుకున్నాడు. దాని అద్దె కట్టడానికి అతని భార్య వెర్నెల్ తమ కారు అమ్మేసింది. కొట్టు నుంచి బడి గేటుకు కనీసం వెయ్యి అడుగుల దూరం ఉండాలి. ఇన్స్పెక్టరు టేపుతో కొలిచాడు, వెయ్యిన్ని పన్నెండు వచ్చింది. ఎండకు టేపు సాగి ఉంటుందని అనుమానించి మేఘం పట్టిన రోజు మళ్లీ కొలిచాడు. అప్పుడూ పన్నెండే. చేసేదేమీ లేక సంతకం పెట్టాడు.

ఇక ఒక్క కాగితమే మిగిలింది. శిక్షపడినట్టు కోర్టు తీర్పుకు ధ్రువీకరించిన నకలు. దానికోసం లియాండర్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎల్డన్, నా తీర్పు కాపీ ఒకటి ఇయ్యి. ఈసారి దాంతో పని పడింది" అన్నాడు నవ్వుతూ.

"అది లేదు లియాండర్."

"లేకపోవడమేంటి? నాలుగేళ్లు నేనేమన్నా చుట్టపుచూపుగా వెళ్లొచ్చానా?"

కొత్త చట్టంలో సెక్షన్ తొమ్మిది చదివి వినిపించాను. పాత గంజాయి కేసుల రికార్డులన్నీ, ఆ మనుషుల గౌరవం నిలబెట్టడానికి, మార్చి ఒకటి నుంచే సమూలంగా నాశనం చేయాలని ఆ సెక్షన్ ఆదేశం. నాశనం చేసింది నేనే. రెండు రోజులు ముక్కలు చేసే యంత్రంలో కాగితాలు పెట్టీ పెట్టీ నా మణికట్టు వాచింది. రాష్ట్రంలో అందరికన్నా ముందు పూర్తిచేసినందుకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. లైసెన్సు దరఖాస్తులు తెరిచింది మార్చి పదిహేనున.

"అంటే ఒకటో తారీకున చెరిపేసి, పదిహేనున చూపించమంటున్నారా?" అన్నాడు లియాండర్.

"రెండూ నీ మంచికే" అన్నాను.

రాజధానిలోని గంజాయి నియంత్రణ మండలికి లియాండర్ ఫోన్ చేశాడు. ఆయన ఏ నేరమూ చేయలేదని తెలిసి తమకు సంతోషంగా ఉందనీ, నేరం చేయనివాడికి ఈ పథకం వర్తించదనీ అక్కడి ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పింది. అయినా దారి మూసెయ్యలేదు. ఆ రోజుల్లో అతని దగ్గర స్వయంగా కొన్నవాళ్లు ఇద్దరు ప్రమాణపత్రాలు ఇస్తే చాలు. గడువు ఏప్రిల్ ముప్ఫై.

ఇద్దరంటే ఎంత. ఆ రోజుల్లో మా ఊళ్లో అతని దగ్గర కొననివాళ్లను ఇద్దరిని వెతకాలంటే కష్టం. లియాండర్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు.

పిల్లలకు ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మిస్ హల్డా అతనికి నిమ్మరసం ఇచ్చింది. "నీ మీద అలాంటి మాట నా నోటితో ఎలా అంటాను నాయనా? బంగారంలాంటి పిల్లాడివి. నువ్వు జైలుకెళ్లావా? ఎప్పుడూ?" అంది.

"పరీక్షలైన వారం మీ వెనక వాకిట్లోకి తెచ్చిచ్చేవాణ్ణి కదమ్మా. పిల్లల పేపర్లు దిద్దడం నరకమనేవారు."

"నాకీ మధ్య మతిమరుపు ఎక్కువైంది. నిమ్మరసం తాగు."

డీకన్ ప్రెంటిస్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడే మరిచిపోయాడు తమ్ముడూ, మనం తవ్వుకోవడం దేనికి" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు డీకన్ గుర్తుపెట్టుకున్న ఆ సంగతి దేవుడు ఎప్పుడు మరిచిపోయాడో ఆయన చెప్పలేదు.

గడువుకు మూడు రోజుల ముందు మళ్లీ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వెర్నెల్ కూడా వచ్చింది. నడిచి వచ్చారు.

"నిన్ను అడగకూడదనే అనుకున్నా. నువ్వు ప్రతి శుక్రవారం వచ్చేవాడివి ఎల్డన్" అన్నాడు మెల్లగా.

నేను ప్రతి శుక్రవారం వెళ్లేవాణ్ణి, నిజమే. కానీ ఉద్యోగంలో చేరినప్పుడు మత్తుపదార్థం ఎన్నడూ ముట్టలేదని సంతకం పెట్టి ఉన్నాను. పెన్షన్‌కు రెండేళ్లుంది. "రూలు ఒప్పుకోదు లియాండర్" అన్నాను.

"ఏ రూలు?" అంది వెర్నెల్.

నాకు వెంటనే నంబరు తోచలేదు. ఆమె భర్త చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. అయితే ఆఫీసు వేళల్లో సిగ్గుపడే వీలు లేదు, వెనక ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు.

మొదటి హక్కుదారు ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి లైసెన్సు బహిరంగ పోటీకి వెళ్లింది. ఈ రంగంలో అనుభవానికి ఎక్కువ మార్కులు. లియాండర్ కేసులో వాదించి శిక్ష వేయించిన మాజీ ప్రాసిక్యూటర్ థాడియస్ బ్రిన్‌కు గంజాయి రంగంలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నట్టు తేలింది. ఆ రెండు దశాబ్దాల్లో జప్తు కింద ఆయన చేతిలో పడినంత సరుకు కౌంటీలో మరెవరి చేతిలోనూ పడలేదు. లైసెన్సు ఆయనకే వచ్చింది. లియాండర్ వదులుకున్న చెప్పుల కొట్టే ఆయన దుకాణమైంది, దూరం ముందే కొలిచి ఉంది కదా.

ప్రారంభోత్సవంలో బ్రిన్ గారు మాట్లాడారు. "ఈ మొక్క వల్ల ఈ ఊరి బిడ్డలు ఎన్ని కష్టాలు పడ్డారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ కుటుంబాల కన్నీళ్లు దగ్గరుండి చూసినవాణ్ణి. ఈ దుకాణం ఆ కన్నీళ్లకు అంకితం." అందరం కళ్లు తుడుచుకుని వరసలో నిలబడ్డాం.

బ్రిన్ గారి సరుకు ఎండు గడ్డిలా ఉండేది. పసిపిల్లలు తెరవలేని డబ్బాలో పెట్టేవారు, ముసలివాళ్లూ తెరవలేకపోయేవారు. ఇంట్లో వాడకానికి మనిషికి ఆరు మొక్కలు పెంచుకోవచ్చని చట్టంలో ఉంది. లియాండర్ టమాటా పాదుల పక్కన ఆరే పెంచాడు. ఊరికే ఇస్తే తప్పు కాదు, డబ్బు తీసుకుంటే నేరం. డీకన్ ప్రెంటిస్ మోకాలి నొప్పితో వస్తే జాలిపడి ఒక పొట్లం కట్టి ఇచ్చాడు.

"డబ్బొద్దు, అన్నా. తీసుకెళ్లు" అన్నాడు.

"ఊరికే తీసుకునే రకం కాదు తమ్ముడూ మేము" అని డీకన్ ఇరవై డాలర్లు కిటికీలో పెట్టి వెళ్లాడు. తర్వాత వచ్చిన వాళ్లందరిదీ అదే ఆత్మగౌరవం. నాదీ అంతే. లియాండర్ డబ్బు తీసుకెళ్లి తిరిగి ఇచ్చేవాడు, మేం మళ్లీ తెచ్చి పెట్టేవాళ్లం.

ఆగస్టులో బ్రిన్ గారు ఫిర్యాదు చేశారు. లైసెన్సు లేకుండా అమ్మడం ఎంత నేరమో, లైసెన్సు లేనివాడి దగ్గర కొనడమూ అంతే నేరం. కాకపోతే కొన్నవాడు తానుగా వచ్చి సాక్ష్యమిస్తే క్షమాభిక్ష. ఆ క్లాజు పత్రికలో పడిన మర్నాడు నా కిటికీ ముందు పది మంది నిలబడ్డారు. ప్రమాణపత్రాలు రాయించి ముద్ర వేసింది నేనే. నాది పదకొండోది, దానికి ముద్ర పక్క ఊరి నోటరీతో వేయించాను.

కోర్టులో జడ్జి గారు ఒక్కొక్కరికీ ఒకే ప్రశ్న వేశారు. ఇది మొదటిసారా, లేక ఇతనికి అలవాటా?

సత్యం చెప్పకపోతే క్షమాభిక్ష పోతుంది. "ముప్ఫై ఏళ్ల పైమాటే బాబూ" అన్నాడు డీకన్. మిస్ హల్డా ఏ పరీక్షలకు ఎన్ని పొట్లాలో సంవత్సరాలతో సహా చెప్పింది. నేను శుక్రవారమనీ, సాయంత్రం ఆరున్నరనీ, పొట్లానికి ఆకుపచ్చ దారం కట్టేవాడనీ చెప్పాను. పెన్షన్‌కు ముప్పు లేకుండా సెక్షన్ ఇరవై రెండు కింద క్షమాభిక్ష ఉందని ముందే కనుక్కున్నాను.

లియాండర్ లేచి నిలబడ్డాడు. "అయ్యా, వీళ్లు చెప్పింది నా లైసెన్సుకు పనికొస్తుందా? ఇద్దరు చాలన్నారు."

"ఆ గడువు ఏప్రిల్‌లో అయిపోయింది" అన్నారు జడ్జి గారు చాలా సౌమ్యంగా. దీర్ఘకాలపు అలవాటు సందేహానికి తావులేకుండా రుజువైనందున మూడేళ్లు వేశారు.

తీసుకెళ్తుంటే అతను నా ముందు ఒక్క క్షణం ఆగాడు. "దారం రంగు కూడా గుర్తుందే నీకు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. వెర్నెల్ మా వైపు చూడకుండా ఎండలోకి నడిచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పదకొండు మందిమీ బ్రిన్ గారి దుకాణం వరసలో కలిశాం. ఎవరం ఎవరినీ ఏమీ అడగలేదు. మీరు కూడా అడగరని నాకు తెలుసు. మీరూ మర్యాదగల మనుషులే, నా వెనకే నిలబడి వరస కదలడం లేదేమని విసుక్కుంటున్నారు.