నొప్పి లేని జోడీ

ఆ సోమవారం పొద్దున కోటు టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కొట్టు తెరవాలి, ఒక కోటుకి చేతులు అతకాలి, పదకొండింటికి పరిశోధన కేంద్రానికి వెళ్ళి తన నడుంనొప్పిని డాక్టర్లకి అప్పజెప్పి రావాలి. మనిషికి యాభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళుగా మిషను మీదికి వంగి వంగి, ఈమధ్య గంటసేపు కూర్చుంటే లేవడానికి గోడ సాయం అడిగే స్థితికి వచ్చాడు. ఇంకో ఆరునెలలు ఇలాగే గడిస్తే కోట్లు కుట్టడం మానుకోవాల్సిందేనని అతనికి తెలుసు. మానుకుంటే ఆ కోట్లన్నీ ఎక్కడికి పోతాయో కూడా తెలుసు. వీధి దాటి ఎదురుకొట్టుకి పోతాయి. నొప్పికన్నా ఆ ఆలోచనే అతన్ని ఎక్కువ బాధపెట్టేది.

ఎదురుకొట్టు చొక్కా టైలరుది. ఇద్దరూ ఒకే గురువు దగ్గర కత్తెర పట్టారు, ఒకే ఏడు కొట్లు పెట్టుకున్నారు, 'బావా' అంటే 'బావా' అనుకున్నారు. ఒకరు కోట్లు, ఒకరు చొక్కాలు, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని ఒప్పందం. పదకొండేళ్ళ కిందట ఎవరో పెళ్ళికొడుకు కాళ్ళావేళ్ళా పడ్డాడని చొక్కా టైలరు ఒక్క కోటు కుట్టాడు. కుట్టడం తప్పే. దాన్ని బాగా కుట్టడం క్షమించరాని తప్పు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పరిశోధన కేంద్రంలో డాక్టరమ్మ అతని నడుముని వంచి, తిప్పి, కొలిచి, ఓపిగ్గా విషయం చెప్పింది. వంగి పనిచేసేవాళ్ళలో కొందరికే నడుంనొప్పి ఎందుకు వస్తుంది, మిగతావాళ్ళకి ఎందుకు రాదు అన్నది తేల్చడం వాళ్ళ పని. అందుకని నొప్పి ఉన్న ప్రతి మనిషికీ నొప్పి లేని మనిషిని ఒకణ్ణి జోడీగా పెట్టి, ఇద్దరినీ ఆరునెలలు కొలుస్తారు.

"మీ వయసే ఉండాలి, మీ పనే చెయ్యాలి, మీ వీధిలోనే ఉండాలి. నడుంనొప్పి మాత్రం ఉండకూడదు. అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా మాస్టారూ?"

కోటు టైలరు కిటికీకేసి మొహం తిప్పుకున్నాడు. లేరండీ, అన్నాడు. జోడీ లేకపోతే ఫైలు తెరవలేమని డాక్టరమ్మ చెప్పింది. తెరిస్తే ఆరునెలల వైద్యం, వేడి కాపడం, వ్యాయామాలు అన్నీ కేంద్రమే చూసుకుంటుంది. అయితే మధ్యలో జోడీ మానేసినా, జోడీకి నొప్పి వచ్చినా ఆ రోజుతో ఫైలు మూతే.

"ఉన్నాడండీ ఒకడు" అన్నాడు కోటు టైలరు పళ్ళ మధ్య నుంచి.

ఆ సాయంత్రం అతను పదకొండేళ్ళలో మొదటిసారి వీధి దాటాడు. చొక్కా టైలరు పొడిపొడిగా కూర్చోమన్నాడు, పొడిపొడిగా విన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"నాకు నొప్పి లేదని వాళ్ళు కాగితం మీద రాస్తారా?"

రాస్తారన్నాడు కోటు టైలరు. ఆ కాగితం నకలు ఒకటి తనకీ ఇవ్వాలన్నాడు చొక్కా టైలరు. వారం తిరిగేసరికి ఆ నకలు అద్దాల చట్రంలోకి ఎక్కి, కొట్లో గిరాకీలు నిలబడి కొలతలిచ్చే చోటికి సరిగ్గా ఎదురుగా వేలాడింది. కింద కేంద్రం ముద్ర, పైన పేరు, మధ్యలో 'నడుంనొప్పి లేని వ్యక్తి' అని చక్కటి చేతిరాత. వచ్చినవాళ్ళంతా దాన్ని చదివారు. డాక్టర్లే రాసిచ్చారంటే చెయ్యి ఎంత నిలకడగా ఉండాలి అనుకున్నారో ఏమో, చొక్కాలు రెట్టింపు అయ్యాయి.

కోటు టైలరుకి కడుపు మండిపోయింది. అదే వయసు, అదే పని, అదే వీధి, అదే కంపెనీ మిషను. నొప్పి మాత్రం తనొక్కడికే. ఇంతవరకు వాడికి నొప్పి లేదన్న సంగతి తనొక్కడికే తెలుసు, ఇప్పుడు తనే దగ్గరుండి దాన్ని ఊరందరికీ ముద్రవేసి చూపించాడు. పైగా గుండీలు కుట్టడానికి రోజూ కొట్టుకొచ్చే భార్య ఆ పూటే అంది, "ఆయన్ని చూడండి, గడకర్రలా ఎంత నిటారుగా ఉన్నారో. మీకన్నా నెల పెద్ద కూడానూ." గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

వాడికి నొప్పి లేకపోవడం అబద్ధం అని అతని నమ్మకం. ఏదో ఒకరోజు వాడు నడుం పట్టుకుంటాడు, అది తను కళ్ళారా చూడాలి. చూస్తే మాత్రం తన ఫైలు మూతపడుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నారు గానీ, ఇక్కడ కప్పా అతనే, పామూ అతనే. అయినా చూడకుండా ఉండలేకపోయాడు. పది కుట్లు వేసేవాడు, లేచి గుమ్మందాకా నడిచి ఎదురుకొట్టు కేసి చూసేవాడు, వచ్చి కూర్చునేవాడు. మళ్ళీ పది కుట్లు.

చొక్కా టైలరు కొట్టు పక్కనే కళ్ళద్దాల కొట్టు ఉంది. దాన్ని నడిపేది నవ్వుమొహం ఉన్న ఒకావిడ. కోటు టైలరు భార్య రెండు రోజులు గుండీలు లెక్కపెట్టింది, మూడోరోజు చూపులు లెక్కపెట్టింది.

"ఏమిటండీ, పూటకి పదిహేనుసార్లు అటు చూస్తున్నారు?"

"చొక్కావాణ్ణి చూస్తున్నా."

"పదకొండేళ్ళు మొహం తిప్పుకున్న మనిషిని ఇప్పుడు పూటకి పదిహేనుసార్లు చూస్తున్నారా? నన్ను నమ్మమంటారా?"

నిజం చెప్పినవాడికి చెప్పుకోవడానికి ఇంకేం మిగలదు. మర్నాడు కొట్టు కిటికీకి సగం ఎత్తున తెర వచ్చింది. గుమ్మం దగ్గర భార్య కుర్చీ వచ్చింది. కోటు టైలరు ఒక రోజంతా తెర మీది పువ్వుల్ని చూస్తూ కుట్టాడు. రెండో రోజు మిషను బల్ల కాళ్ళకింద చెక్క దిమ్మలు పెట్టి జానెడు ఎత్తు లేపి, తను ఎత్తు స్టూలు ఎక్కాడు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటే తెర మీంచి ఎదురుకొట్టు కనిపిస్తుంది, రవ్వంత వంగినా పువ్వులే కనిపిస్తాయి. ఆవిడ ఈ బరితెగింపు చూసి తెర ఇంకో బెత్తెడు పైకి కట్టింది. దాంతో అతను బట్ట కత్తిరించడం, ఇస్త్రీ చెయ్యడం అన్నీ నిలబడి చెయ్యడం మొదలెట్టాడు. ఇంట్లో మాత్రం ఆవిడ కూర గిన్నె బల్ల మీద పెట్టే చప్పుడు పెరిగింది.

పదిహేను రోజులకోసారి కేంద్రానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అతని నడుం బాగుపడుతోందని ఏవో అంకెలు చెప్పేది. అవి అతని చెవికెక్కేవి కావు.

"మా జోడీకి ఎలా ఉందండీ?" అని అడిగేవాడు.

"బాగానే ఉన్నానంటారు. ఆయన వచ్చినప్పుడల్లా మీ గురించే అడుగుతారు" అనేది ఆవిడ. ఎంత స్నేహమో అనుకుని ముచ్చటపడేది కూడా.

మూడో నెల మధ్యలో ఒకరోజు చొక్కా టైలరు పై అరలోంచి బట్టల తాను దించుతున్నాడు. చెయ్యి పైకెత్తగానే వేసుకున్న చొక్కా లేచింది. కింద నడుం చుట్టూ నల్లటి వెడల్పాటి బెల్టు, దానికి పక్కల పట్టీలు. కోటు టైలరు చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. తనకి ఇన్నాళ్ళూ కాపడం, వ్యాయామం అని కబుర్లు చెప్పి, అసలు సరుకు వాడికి ఇచ్చారన్నమాట. అందుకే వాడు గడకర్రలా ఉన్నాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా తిన్నగా కేంద్రానికి పోయాడు.

"జోడీకో న్యాయం, నాకో న్యాయమా డాక్టరమ్మా? ఆయనకి బెల్టు ఇచ్చి నాకివ్వలేదు" అన్నాడు.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది. ఏ బెల్టు, ఎప్పుడు, ఎక్కడ కట్టుకున్నాడు అని మెల్లగా అడిగి అన్నీ రాసుకుంది. తాము జోడీలకి ఏదీ ఇచ్చేది లేదని చెప్పి, రేపు పదింటికి ఇద్దరినీ రమ్మంది.

కోటు టైలరు గెలిచినవాడిలా మెట్లు దిగాడు. మరి కేంద్రం ఇవ్వకపోతే వాడికి బెల్టు ఎక్కడిది, కొనుక్కున్నాడా, నొప్పి లేనివాడు నడుముకి బెల్టు ఎందుకు కొనుక్కుంటాడు అని ఆలోచించాడు. వాడికి నొప్పి ఉంది. నాలుగు మెట్లు ఆనందంగా దిగాడు. అయిదో మెట్టు మీద రేపు తన ఫైలు మూసేస్తారని గుర్తొచ్చి రెయిలింగు పట్టుకున్నాడు. పట్టించింది కూడా తనే.

మర్నాడు అతని వెంట భార్య కూడా బయల్దేరింది. కళ్ళద్దాల కొట్టు ఆ రోజు మూసి ఉండడం ఆవిడ గమనించింది, పరిశోధన అనే మాట మీద ఆవిడకి అసలే నమ్మకం లేదు. కేంద్రం వరండాలో చొక్కా టైలరు అప్పటికే నిలబడి ఉన్నాడు. కూర్చునే బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు. కోటు టైలరు అతని పక్కకి చేరి, గోడకేసి చూస్తూ అన్నాడు.

"ఆ బెల్టు తీసెయ్."

"ఏ బెల్టు?"

"డాక్టరమ్మకి తెలిసిపోయింది. అది కనబడితే నీ కాగితం పోతుంది, నా వైద్యం పోతుంది."

చొక్కా టైలరు మొహం కాస్త పాలిపోయింది. బాత్రూములోకి వెళ్ళి, బెల్టు విప్పి చేతిసంచీలో కుక్కుకుని, ఇందాకటికన్నా భారంగా నడుస్తూ తిరిగొచ్చాడు.

డాక్టరమ్మ బెల్టు ఊసే ఎత్తలేదు. నేలమీద ఒక చిన్న చెక్కముక్క పెట్టి, వంగి తీసి బల్లమీద పెట్టమంది. చొక్కా టైలరు కాగితంలోని మనిషిలా హుందాగా వంగాడు. వేళ్ళు చెక్కముక్కని అందుకున్నాయి. ఆ తరవాత ఏమీ జరగలేదు.

"ఇక లేవండి మాస్టారూ."

"లేస్తానండి. మీ నేల చాలా నున్నగా ఉంది, చూస్తున్నాను."

చెమట చుక్క ఒకటి చెక్కముక్క పక్కన పడింది. అప్పుడు కిందనుంచి చాలా చిన్న గొంతు వచ్చింది.

"బావా, లేవలేకపోతున్నాను."

పదకొండేళ్ళ తరవాత ఆ పిలుపు. కోటు టైలరుకి ఫైలు గుర్తులేదు, కోటు గుర్తులేదు, ఆ పెళ్ళికొడుకు గుర్తులేడు. ఒక్క అంగలో వెళ్ళి, వంగి, చంకలకింద చేతులు వేసి, ఎనభై కిలోల చొక్కా టైలరుని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు.

"ఏమండీ, మీ నడుం" అంది, ఓ మూల కూర్చున్న భార్య లేచి నిలబడి.

అతను నడుం తడుముకుని చూసుకున్నాడు. ఒకసారి వంగాడు, లేచాడు. నొప్పి లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. డాక్టరమ్మ రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి, ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది.

"ఇంతకీ మీలో నడుంనొప్పి ఎవరికి?"

జవాబు అక్కర్లేని ప్రశ్న అది. ఇద్దరి ఫైళ్ళూ మూసెయ్యాల్సిందేనని చెప్పి, తాము నేర్పిన వ్యాయామాలు రోజూ చేశారా అని కోటు టైలరుని అడిగింది. వారం రోజులు చేశాననీ, తరవాత తీరిక దొరకలేదనీ అతను ఒప్పుకున్నాడు. మరి ఎలా తగ్గిందని ఆవిడ వదల్లేదు. అతను తల వంచుకుని, గుమ్మం దాకా నడకలూ, తెరా, చెక్క దిమ్మలూ, ఎత్తు స్టూలూ అన్నీ చెప్పాడు. ఎందుకు చూడాలనుకున్నాడో కూడా చెప్పాడు. ఈర్ష్య అనే మాట నోటితో అనడం అతనికి అదే మొదటిసారి.

"అయితే నిజంగా ఆయన్నేనా చూసింది?" అంది భార్య. ఆ గొంతులో బరువు దిగింది గానీ, ఎక్కడో కాస్త చప్పబడినట్టు కూడా ఉంది.

మంచం మీద చొక్కా టైలరు మెల్లగా తల తిప్పాడు.

"రోజుకి ఎన్నిసార్లు చూశావు?"

"ముప్పై. ముప్పై అయిదు."

"నేనూ అంతే. నీకు కనబడకూడదని బల్లకింద నక్కి, వంగి చూశాను."

"నన్నెందుకు చూడ్డం? నొప్పి లేదని నీకే కదా కాగితం ఇచ్చారు?"

"కాగితం ఇచ్చి, వెళ్ళినప్పుడల్లా ఎలా ఉందని అడిగి పంపేస్తున్నారు. నిన్ను మాత్రం పిలిచి కాపడం పెడుతున్నారు, పేరుపెట్టి పలకరిస్తున్నారు, నీ నడుం గురించి పెద్ద పెద్ద పుస్తకాల్లో రాస్తున్నారు. నాకేం పెట్టారు?" అన్నాడు చొక్కా టైలరు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంత నొప్పి వల్ల, మిగతాది ఉక్రోషం వల్ల.

డాక్టరమ్మ అంతా రాసుకుంది. ఒకే వయసు, ఒకే పని, ఒకే వీధి, ఒకే ఈర్ష్య. ఒకరు నిటారుగా కూర్చుని ఈర్ష్యపడ్డారు, ఒకరు వంగి ఈర్ష్యపడ్డారు. తన లెక్కల్లో ఈ జోడీ ఇక పనికిరాదనీ, అయినా ఇంత చక్కగా కుదిరిన జోడీ తనకి మళ్ళీ దొరకదనీ అంది. చొక్కా టైలరుకి కాపడం రాసిచ్చింది. మిషను ఎత్తు పెంచుకుని, అరగంటకోసారి లేచి దూరంగా ఏదైనా చూడమంది. తనకిప్పుడు నొప్పి లేదని ఒక కాగితం ఇప్పించమని కోటు టైలరు అడిగాడు గానీ, అలాంటి కాగితాలు ఇవ్వడం మానేశామంది ఆవిడ.

ఆదివారం చొక్కా టైలరు అద్దాల చట్రం దించి, వీధి దాటి వచ్చాడు. దిమ్మలు ఎంత ఎత్తు పెట్టావు బావా అని అడిగాడు. ఒక అంగుళం తక్కువ చెప్దామా అని కోటు టైలరుకి ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడి, జానెడు అని సరిగ్గానే చెప్పాడు. అతని భార్య లోపల్నుంచి తెర కూడా తెచ్చి చొక్కా టైలరు చేతిలో పెట్టింది.

ఆ వీధిలో ఇప్పుడు ఏ టైలరుకీ నడుంనొప్పి లేదు. అరగంటకోసారి ఇద్దరూ లేచి ఎదురుకొట్టు కేసి చూస్తారు. బట్టలే, ఎవరూ చెప్పిన రోజుకి ఇవ్వడం లేదు.