ప్రాణమున్న పేట

మదలేనా పేట నిన్నా బతికే ఉంది, ఇవాళా బతికే ఉంది, నగరసభ ఉన్నంతకాలం బతికే ఉంటుందని సంస్కృతీ శాఖ చూసే సభ్యులు డాక్టర్ ఫౌస్తు క్వరెజ్మ గారు చర్చి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. డాక్టరుగారు ఎవరి నాడీ పట్టి ఎరగరు. పోర్చుగల్లో డిగ్రీ చేతికొచ్చిన మర్నాటి నుంచీ మనిషి డాక్టరే. అయినా ఒక పేట పేటకే ప్రాణం ఉందని తేల్చారంటే ఆ చదువు గొప్పదే అనుకోవాలి.

ఆ ప్రకటన విన్నవాళ్ళలో పేటలో కాపురముంటున్నది ఒక్క డోనా ఎర్మెలిందా. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. నలభై రెండిళ్ళలో నలభై ఒకటి ఎప్పుడో యాత్రికుల బస గదులైపోయాయి. మిగిలింది ఆమె ఉంటున్న పద్నాలుగో నంబరు. ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ ఇంట్లోనే పెళ్ళాడింది, ఆ గుమ్మంలోంచే మొగుణ్ణి సాగనంపింది. దాన్నీ గదులు చేద్దామని ఇంటి యజమాని జూన్ ఆఖరుకల్లా ఖాళీ చెయ్యమని నోటీసిచ్చాడు.

ఇక ఉన్న ఆశ ఒకటే. పాతపేటల సంఘమని యూరప్‌లో ఒకటుంది. వాళ్ళు ‘జీవించే పేట’ అని బిరుదిస్తే అక్కడి పాత కాపురాలను ఎవరూ కదిలించకూడదు. పరీక్షకులు జూన్ రెండో వారంలో వస్తున్నారు. ఇళ్ళలో మనుషులున్నారా లేదా అన్నదే వాళ్ళు ముఖ్యంగా చూసేది.

“మనుషులు లేకపోతే ఏం, తెప్పిద్దాం,” అన్నారు డాక్టరుగారు. నగర నాటక సంఘం నుంచి అరవై మంది కాపురస్తులు మంజూరయ్యారు.

తర్వాత గోడల సంగతి. మదలేనా పేట గోడలకు నీలిపూల పింగాణీ పలకలు అందం. అవి సగం రాలిపోయాయి.

“మా గోడవి నలభై ఏడు పలకలు రాలినవి రాలినట్టు ఏరి మంచం కింద దాచాను డాక్టరుగారూ. కాస్త సున్నం, ఒక మేస్త్రీ ఇప్పిస్తే చాలు,” అంది ఎర్మెలిందా.

“అది పురాతన కట్టడమమ్మా. పలక అతికించాలంటే ఏడు సంతకాలు కావాలి. స్టిక్కరుకైతే ఒక్కటీ అక్కర్లేదు.”

అలా నలభై రెండిళ్ళకూ పలకల బొమ్మలు అచ్చేసిన స్టిక్కర్లు అంటించారు. కొత్తగా కనిపిస్తే పరీక్షకులకు అనుమానం వస్తుందని పగుళ్ళూ, నాచూ కూడా అచ్చేయించారు. అసలు పలకలు నిలిచి ఉన్నచోట వాటి మీదా అంటించారు. అంతా ఒకే తీరుగా ఉండాలి కదా.

ప్రాణమనేది దండెల మీద తెలుస్తుందని డాక్టరుగారికి స్ఫురించి, కిటికీ కిటికీకీ బట్టలు ఆరేయించారు. ఎర్మెలిందా చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఇవన్నీ హోటల్ దుప్పట్లు. ఇంత పేటలో ఒక్క లంగా ఉండదా అండీ? పైగా ఎలా పడితే అలా వేశారు. దుప్పట్లు బయటి తీగ మీద, లోబట్టలు లోపలి తీగ మీద. వాటిని గోడ చూడొచ్చు గాని వీధి చూడకూడదు.”

ఇంటికి రెండు లంగాల చొప్పున వెంటనే ఉత్తర్వులు వెలువడ్డాయి. పరీక్షకులు వచ్చేలోపు మూడు వారాలూ ఆమె ఇల్లిల్లూ ఎక్కి దిగింది. కిటికీలోంచి ఎదురింటావిడతో ఎలా పోట్లాడాలో, గుమ్మంలో సార్డీన్ చేపలు ఎలా కాల్చాలో ఆ నాటక సంఘం అమ్మాయిలకు నేర్పింది. ఇల్లు దక్కుతుందన్న ఆశతో మోకాళ్ళు కూడా ఆమె మాట విన్నాయి.

“మరి ఆ రోజు నేనేం చెయ్యాలి?” అని అడిగింది.

“మీరేం చెయ్యకండి. మీరు అసలైనవారు. మామూలుగా ఉండండి.”

పరీక్షకులు వచ్చిన రోజు పేట కళకళలాడింది. “నీ మొగుడు మా చేపలు తిని మీసం తుడుచుకున్నాడే,” అని తొమ్మిదో నంబరు అరిస్తే, “వాడు నీ వంట తింటే ఇప్పటికి బతికుండేవాడా,” అని పదో నంబరు జవాబిచ్చింది. పరీక్షకుల పెద్ద, డెన్మార్క్ ప్రొఫెసరమ్మ, కళ్ళు తుడుచుకుంది.

పద్నాలుగులో ఎర్మెలిందా మామూలుగా ఉంది. మనవరాలు పంపిన ట్రాక్‌సూటు వేసుకుని, మైక్రోవేవ్‌లో సూపు వెచ్చబెట్టుకుని, బ్రెజిల్ సీరియల్ చూస్తోంది. మూడు వారాల మెట్లకు మోకాళ్ళు వాచి, బట్టలు గదిలోనే ఆరేసుకుంది. చెక్క కిటికీ పుచ్చిపోయి, కొత్తదానికి అనుమతి పదకొండేళ్ళుగా రాక, అల్యూమినియం కిటికీ పెట్టించుకుంది.

“ఈ పేటలో మీకు బాగా నచ్చేదేమిటి?” అని దుబాసీ ద్వారా అడిగింది ప్రొఫెసరమ్మ.

“లిఫ్టు లేదమ్మా. మెట్లెక్కలేక చస్తున్నాను. సీరియల్ అయ్యాక మాట్లాడుకుందాం, కూర్చోండి.”

ప్రొఫెసరమ్మ కూర్చోలేదు. ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

బిరుదు వచ్చింది. డాక్టరుగారు చర్చి మెట్ల మీద నివేదిక చదివి వినిపించారు. పేట జీవనం అపూర్వమన్నారు పరీక్షకులు, గోడల ప్రాచీనత కళ్ళారా చూశామన్నారు. చివర ఒక చిన్న లోపం: ‘పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంచిన నటి ఏమాత్రం నమ్మేలా లేదు. స్థానిక జీవితం గురించి ఆమెకు ఏమీ తెలియదు. మార్చవలసిందిగా సిఫారసు.’

“నేను నేనేనని వాళ్ళకు చెప్పండి డాక్టరుగారూ,” అంది ఎర్మెలిందా. 

“చెప్పొచ్చమ్మా. అప్పుడు మిగతావాళ్ళెవరని అడుగుతారు.”

“బిరుదొస్తే నన్ను కదపకూడదన్నారుగా?”

“కాపురస్తుల్ని కదపకూడదు. రికార్డుల్లో మీరు నటి.”

డాక్టరుగారు చట్టం దాటే మనిషి కాదు. జూన్ ఆఖరున నగరసభవారే సామానుకు బండి పంపారు. ఊరి చివర తొమ్మిదో అంతస్తులో లిఫ్టున్న ఫ్లాటు కూడా చూసిపెట్టారు.

ఆ ఉదయం నాటక సంఘం నుంచి కొత్త ఎర్మెలిందా వచ్చింది. ఇరవై ఆరేళ్ళది, జుట్టుకు బూడిద రంగు వేసుకుంది, చేతిలో నోటు పుస్తకం.

“అమ్మమ్మగారూ, ఏమీ అనుకోకండి. అసలు మీరు కిటికీలోంచి ఎలా తిట్టేవారో ఒక్కసారి చూపిస్తారా?”

ఎర్మెలిందా ఆ అల్యూమినియం కిటికీ తీసింది. కింద డాక్టరుగారు బండి దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన్నీ, ఆయన నగరసభనీ, ఆయన స్టిక్కర్లనీ, ఏడు తరాల వంశాన్నీ పావుగంట సేపు ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. వీధిలో యాత్రికులు ఆగి ఫోటోలు తీసుకున్నారు.

డాక్టరుగారు తలెత్తి చప్పట్లు కొట్టారు.

“రాసుకున్నావా?” అని ఆ అమ్మాయిని అడిగారు.