గ్రాంటు ఇచ్చేవారి కష్టాలు: ఒక తులనాత్మక పరిశీలన

లేనివాళ్ళకు డబ్బు ఇవ్వడానికి ఉన్నవాళ్ళు పడుతున్న శ్రమ చరిత్రలో ఇంకే పనికీ ఎవరూ పడి ఉండరు. లేనివాళ్ళకు ఈ సంగతి పట్టదు. ఎంతసేపూ తమకు డబ్బు అందలేదన్న ఒక్క మాటే పట్టుకుని కూర్చుంటారు. అందకుండా ఉండడానికి ఎన్ని కార్యాలయాలు కావాలో, ఎంతమంది అధికారులు కావాలో, వాళ్ళకు మళ్ళీ ఎన్ని శిక్షణ శిబిరాలు కావాలో ఒక్కసారైనా ఆలోచించరు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

చదువుకూ, నలుగురికీ మేలు చేసే చిన్న వ్యాపారాలకూ గ్రాంటు దొరికే చోట్లు నాలుగు. ప్రభుత్వ శాఖ, పెద్ద కంపెనీ, జనం చందాలు పోగుచేసే యాప్, దూరదేశపు ఫౌండేషన్. ఈ నాలుగింటినీ పోల్చి చూసే అవకాశం నాకు ఈ ఏడాది కలిగింది. నేను బడిపంతులును. పోల్చడం, మార్కులు వేయడం నాకు అలవాటైన పనులే.

పోల్చవలసిన అవసరం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. బస్సు డిపో వెనక వీధిలో ఒక సంచుల దుకాణం ఉండేది. ముందు గదిలో ఆడవాళ్ళు బడిసంచులు కుట్టేవారు, చిరిగినవి బాగుచేసేవారు. ఆ రాబడితో వెనక గదిలో, బడి మానేసిన పిల్లలకు మధ్యాహ్నం తరగతి నడిచేది. పిల్లలు ఏడాదో రెండేళ్ళో అక్కడ చదువుకుని, పరీక్ష రాసి, వయసుకు తగిన తరగతిలో మామూలు బడికి వెళ్ళిపోయేవారు. దీన్ని పెట్టింది నా చెల్లెలు. (ఆమె వానాకాలంలో పోయింది. ఈ వ్యాసానికి ఆ విషయంతో ఇంతకు మించి సంబంధం లేదు.)

ఆమె పోయాక ఇంటి యజమాని నన్ను పిలిచాడు.

"చలికాలం అయ్యేదాకా ఆగుతాను మాస్టారూ. ఆ తర్వాత అద్దె పెంచి కొత్త కాగితం రాయాలి, లేదా ఖాళీ చేయాలి. చెల్లెమ్మ ఉన్నప్పుడంటే మొహమాటం. ఇప్పుడు ఎవర్ని చూసి మొహమాటపడను చెప్పండి?"

న్యాయమే. వెనక గదిలో అప్పటికి ఆ ఏడాది పరీక్ష రాయవలసిన పిల్లలు కూర్చుని ఉన్నారు. గది ఉంటే వాళ్ళు పరీక్ష దాకా వెళతారు. లేకపోతే వెళ్ళరు. ఉన్న విషయం అంతే.

దుకాణానికి పెద్దదిక్కు మిషనక్క. కుట్టుమిషను ముందు నుంచి లేవకుండా, కాలు ఆపకుండా, ఎంతటివాడినైనా కడిగి ఆరేయగలదు కనుక ఆమెను అందరూ అలాగే పిలిచేవారు. గుడ్డ కత్తిరించే బల్ల మీద నేను సుద్దతో నాలుగు గడులు గీసి, ఒక్కొక్క దాతనూ ఒక్కొక్క గడిలో కూర్చోబెట్టాను.

"తొందరగా తేల్చండి మాస్టారూ," అంది మిషనక్క. "ఆ బల్ల మీద నేను పట్టీలు కత్తిరించుకోవాలి. మీ దాతలు లేస్తే గాని నా గుడ్డకి చోటు లేదు."

మొదటి గడిలో ప్రభుత్వ శాఖ. అక్కడ స్వచ్ఛంద విద్యా ప్రోత్సాహక ఉపసంచాలకులు అనే అధికారి ఉంటారు. (సంచాలకులు ఉంటారో లేదో తెలియదు. తలుపు మీద పేరుపలక మాత్రం ఉంది.) ఆయన మా కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, గదుల పటం దగ్గర ఆగారు.

"రెండు గదుల మధ్య తలుపు ఉందా?"

"ఉందండీ."

"అదే వచ్చిన చిక్కు. ముందు గది పరిశ్రమల శాఖది. వెనక గది మాది. తలుపు ఉంటే రెండు శాఖలూ కలిసిపోతాయి."

"గోడ కట్టేయమంటారా?"

"కట్టేయండి. కట్టేస్తే తరగతికి సొంత ఆదాయం ఏముందని అడుగుతాం. దుకాణం ఉందని చెప్పాలి మీరు. చూపించాలి కూడాను."

"ఎలా చూపించాలండీ?"

"తలుపు ఉండాలి మరి," అన్నారాయన.

నాతో వచ్చిన మిషనక్క ఉండబట్టలేకపోయింది. "మొత్తం గోడే తీసేస్తే, బాబుగారూ?"

"అప్పుడు ఒకటే గది అవుతుందమ్మా. ఒకటే గది ఉన్నవాళ్ళకి ఏ శాఖా లేదు."

రెండో గడిలో కంపెనీ. కంపెనీ తరఫున ప్రభావ మేనేజర్, అంటే మేలు ఎంత జరిగిందో లెక్కగట్టేవాడు, వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రాడు. చెప్పులు బయటే విప్పాడు, పిల్లలందరికీ నమస్కారం పెట్టాడు, తన ఫోన్లో లెక్కలు చూసుకుని దిగాలుపడ్డాడు.

"సార్, చెప్పడానికి బాధగా ఉంది. మీ దగ్గర ఒక్కరు కూడా నిలవడం లేదు. పాత పిల్లల్లో ఒక్కళ్ళయినా ఇక్కడ లేరు."

"వాళ్ళు బడిలో ఉన్నారు బాబూ. అందుకేగా ఈ తరగతి."

"అది మీ దృష్టి సార్. మా పద్ధతిలో అయితే, అందరూ మిమ్మల్ని వదిలేసినట్టే. నూటికి నూరు శాతం చదువు మానేసిన సంస్థకి సిఫారసు చేశానంటే నా ఉద్యోగం ఉండదు." కాసేపు ఆలోచించి, నిజంగా మేలు చేయాలన్న ఆత్రంతోనే అడిగాడు. "కొంతమందిని, అంటే బాగా చదివేవాళ్ళని వద్దులెండి, ఓ మోస్తరు వాళ్ళని, ఇక్కడే ఆపేయలేరా?"

మిషను ఆగింది. ఆ దుకాణంలో మాటల మధ్య మిషను ఆగడం నేను అప్పుడే చూశాను.

"ఆపుతాం నాయనా," అంది మిషనక్క. "పెళ్ళీడు వచ్చేదాకా ఆపి, వాళ్ళ పిల్లల్ని కూడా ఇక్కడే కూర్చోబెడతాం. అప్పుడైతే మీ లెక్క రెండింతలు కూడా అవుతుంది."

కుర్రాడు దీన్ని సూచనగా రాసుకున్నాడు.

అయినా కంపెనీ మమ్మల్ని ఉత్తచేతులతో వదిలేయలేదు. డబ్బు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పవు కనుక వస్తురూపంలో సాయం చేసింది. ఒక లారీ నిండా బడిసంచులు పంపించింది. సంచులు కుట్టుకుని బతికే దుకాణానికి సంచులు ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచన ఏ ఒక్క మనిషికీ తోచదు, దానికి ఒక కమిటీ కావాలి. వాటిని డిపో చుట్టుపక్కల బడులన్నిటికీ పంచారు. ఆ తర్వాత ఆ ఏడాది మా దగ్గర సంచి కొన్నవాళ్ళు లేరు. అయితే కంపెనీ సంచుల పట్టీలు నెల తిరగకుండానే ఊడిపోయాయి. పిల్లలు వాటిని బాగుచేయించుకోవడానికి మా దగ్గరికే వచ్చారు. "పుణ్యానికి వచ్చిన సంచికి డబ్బులేం తీసుకుంటామే," అని మిషనక్క అన్నీ ఊరికే కుట్టి పంపింది. (కంపెనీ వార్షిక నివేదికలో దీన్ని స్థానిక మహిళలకు ఉపాధి అన్న శీర్షిక కింద చూడవచ్చు. ఫొటోలో మిషనక్క మొహం పక్కకి తిప్పుకుని ఉంటుంది.)

మూడో గడిలో యాప్. జనం దయగలవాళ్ళు, అందులో సందేహం లేదు. జనానికీ మనకూ మధ్యనే యాప్ ఉంటుంది. అది సంస్థ పెట్టినవారి వివరాలు అడిగింది. పేరు రాశాను. ప్రస్తుత స్థితి అని అడిగి, మూడింట్లో ఒకటి ఎంచుకోమంది: పూర్తికాలం, కొంతకాలం, సెలవులో.

ఇంకో గడి ఉంటుందేమోనని వెతికాను. లేదు. సెలవులో అన్నదాన్ని నొక్కాను. వెంటనే యాప్, సెలవు నుంచి తిరిగి వచ్చే తేదీ చెప్పమంది.

ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. నేను ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాను. మిషనక్క దారం తెంపి, వచ్చి చూసింది.

"ఏదో ఒకటి వేసేయండి మాస్టారూ."

"నా వల్ల కాదు."

ఆమె నా చేతికి ఇవ్వకుండా ఫోను తనే తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఏదో ఒక తేదీ వేసింది. ఏ తేదీ అని నేను అడగలేదు. తర్వాత ఒక పొద్దున బడికి బయల్దేరుతుంటే ఫోను మోగింది. రంగు కాగితాలు ఎగురుతున్న బొమ్మ, కింద నా చెల్లెలి పేరు, తిరిగి వచ్చినందుకు శుభాకాంక్షలు. ఆ రోజు నేను మామూలుగానే బడికి వెళ్ళాను. పాఠం కూడా చెప్పాను.

యాప్‌లో చందా రాలేదా అంటే, వచ్చింది. సెలవులో ఉన్నవారి ఖాతాలకు డబ్బు జమ చేయరు కనుక దాతలకే తిరిగి పంపించారు. సెలవు ముగిశాక వచ్చే చందా జమ చేయాలంటే, సెలవు నుంచి వచ్చినవారు కెమెరా ముందు కళ్ళార్పి చూపించాలి.

నాలుగో గడిలో ఫౌండేషన్. న్యాయం చెప్పాలి. ఫౌండేషన్ తరఫున వచ్చిన సలహాదారు మేడమ్ మంచి మనిషి. పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. ఒక పిల్ల ఆమెకు ఒక పేజీ చదివి వినిపించి, "ఇప్పుడు తర్వాతది నువ్వు చదువు," అని పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. మేడమ్ చదివింది. పిల్ల రెండు చోట్ల ఆపి సరిచేసింది. వెళ్ళేటప్పుడు మేడమ్ మాతో, "అంతా అయిపోయినట్టే అనుకోండి. ఇక స్వీయ మూల్యాంకనం ఒకటే మిగిలింది, అది ఉత్త లాంఛనం," అంది.

స్వీయ మూల్యాంకనం అంటే మన సంస్థకు మనమే పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవడం. నేను ఆదివారం పొద్దున్నే కూర్చుని ఒక్కొక్క అంశమూ ఆలోచించి వేశాను. చదవడం ఏడు. రాయడం ఆరు. లెక్కల్లో భాగహారం ఇంకా తడబడుతున్నారు, అక్కడ అయిదు. మొత్తం మీద ఆరు వచ్చింది. ముప్పయ్యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను, నా చేతి ఆరు అంటే మంచి మార్కే. సంతృప్తిగా పంపించాను.

నిధి అందాలంటే కనీసం తొమ్మిది ఉండాలట.

"ఆరా?" అంది మిషనక్క. "మన పిల్లలకి మీరు ఆరు వేశారా?"

"భాగహారం రావాలి కదా మిషనక్కా."

"అడిగింది మీ పిల్లల్నా, మిమ్మల్నా? పెళ్ళిచూపులకి వెళ్ళి, మావాడు కాస్త నత్తిగా మాట్లాడతాడండీ అని మనమే చెప్పుకుంటామా?"

"నిజం అడిగారనుకున్నాను."

"నిజం అడిగేవాళ్ళు పదికి ఇన్ని అని అడగరు మాస్టారూ. వచ్చి చూస్తారు."

"చూశారుగా."

"చూసింది ఆవిడ. మార్కులు చదివేది ఆవిడేనా?"

కాదట. ఫోను చేసి కనుక్కున్నాను. మార్కులు కంప్యూటర్ చదువుతుంది. మేడమ్ గొంతులో నిజమైన విచారం ఉంది.

"సార్, మిగతా సంస్థలన్నీ పదికి పది వేసుకున్నాయి. మేము ఎంపిక చేసిన సంస్థకైతే ఏ అంశంలోనూ ఒక్క మార్కు తగ్గలేదు."

"వాళ్ళ పిల్లలకు భాగహారం అంత బాగా వచ్చా అమ్మా?"

"వాళ్ళ దగ్గర ఇంకా పిల్లలు చేరలేదు సార్."

మార్కులు దిద్దుకునే వీలుందా అని అడిగాను. ఉందని చెప్పింది. ఒకసారి వేసుకున్నవి పెంచుకోవడం నైతిక ప్రమాణాలకు విరుద్ధం. తగ్గించుకోవడానికి మాత్రం గడువు నెలాఖరు దాకా ఉంది.

కనుక పోల్చి చూడగా తేలినదేమంటే: ప్రభుత్వానికి తలుపు వద్దు, తలుపు కావాలి. కంపెనీకి పిల్లలు ఎప్పటికీ వెళ్ళిపోకూడదు. యాప్‌కు ఎవరూ చనిపోకూడదు. ఫౌండేషన్‌కు పిల్లలు అసలు ఉండకపోతే మంచిది. ఈ నాలుగు షరతులూ కలిసి నెరవేరే చోటు ఒకటి తప్పకుండా ఉండి ఉంటుంది. డబ్బంతా ఎక్కడికో వెళుతోంది కదా.

చలికాలం అయిపోయింది. యజమాని మాట మీద నిలబడ్డాడు. మిషనక్క తన మిషను తోపుడు బండి మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయింది. ఎక్కించేటప్పుడు సాయం పట్టబోతే, "మీరు పట్టకండి, అటువైపు ఎంత బరువుందో మార్కులు వేస్తారు," అంది. అని, కొంగుతో మొహం తుడుచుకుంది. నేను మా చెల్లెలి కుర్చీ తెచ్చుకున్నాను. పిల్లల్లో ముగ్గురు సాయంత్రం మా ఇంటికి వస్తున్నారు, అంతకంటే ఎక్కువమందికి మా వరండాలో చోటు చాలదు. మిగతావాళ్ళు ఎక్కడ పని చేస్తున్నారో నాకు తెలుసు. పరీక్ష రోజు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు.

ఇంత జరిగాక దాతలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మంచి సంస్థలు ఎందుకు మూతపడుతున్నాయన్న ప్రశ్న వాళ్ళను కలచివేసింది. ప్రభుత్వ శాఖ, కంపెనీ, ఫౌండేషన్ తమ భేదాలన్నీ పక్కన పెట్టి మొదటిసారి చేతులు కలిపాయి. మూతపడిన సంస్థల అధ్యయన కేంద్రం ఏర్పడింది. దానికి కావలసినన్ని నిధులు ఒక్క వారంలో మంజూరయ్యాయి. (దరఖాస్తు ఎవరిని చేయమన్నారో తెలియలేదు.) క్షేత్రానికి దగ్గరగా ఉండాలని కేంద్రం ఇక్కడే కార్యాలయం వెతుక్కుంది. బస్సు డిపో వెనక వీధిలో రెండు గదుల ఇల్లు ఒకటి ఖాళీగా దొరికింది.

యజమాని దారిలో కనబడి తనే చెప్పాడు. "మనుషులు మంచివాళ్ళు మాస్టారూ. అద్దె మొదటి తారీఖుకే పడిపోతోంది. బేరం కూడా ఆడలేదు."

మొన్న నన్ను కూడా పిలిపించారు. అనుభవజ్ఞుల అభిప్రాయ సేకరణ అని. ముందు గదిలో కాసేపు కూర్చోబెట్టి వెనక గదిలోకి తీసుకెళ్ళారు. మధ్య తలుపు అలాగే ఉంది. గోడలకు తెల్ల రంగు వేశారు. పిల్లల తలలు ఆనుకుని మురికైన చోటు ఎక్కడుండేదో ఇప్పుడు చెప్పలేం. పెద్ద బల్ల, దాని చుట్టూ కుర్చీలు, చాలావరకు ఖాళీవే. పరిశోధకురాలు చిన్న పిల్ల. చదువుకున్న పిల్ల, వినయం గల పిల్ల.

"మీ తరగతి ఎందుకు మూతపడిందో ఒక్క ముక్కలో చెప్పండి సార్."

"గది లేకపోయిందమ్మా."

ఆమె తల వంచుకుని శ్రద్ధగా రాసుకుంది. నేను లేవబోయాను.

"అప్పుడే వెళ్ళిపోతారా సార్? కాసేపు కూర్చోండి," అంది. "ఇక్కడ బోలెడు చోటుంది."