పసుపు బంతి ఎక్కడ?

పసుపు బంతి పోయిన రోజు శుక్రవారం. పోయిందని బడిలో అందరూ అనుకున్నారు. నిజానికి అది పెద్ద టీచర్ చేతిసంచిలో, కళ్ళజోడు పెట్టె కింద ఉంది.

మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు మాటలు నేర్పే బడి అది. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది; బడి ఆయా ఆమెకు 'పిచ్చుక' అని ముద్దుపేరు పెట్టింది. ఆ పిల్ల చేత ఒక్క మాట పలికించాలని పెద్ద టీచర్ ఏడాదిన్నర పాటుపడింది. రోజూ బంతిని డబ్బాలోనో దిండు కిందో దాచి, "బంతి ఎక్కడ?" అని అడిగేది. కాసేపు ఆగి జవాబూ తనే చెప్పేది. కొత్తగా వచ్చిన చిన్న టీచర్ మాత్రం బంతిని ఎదురుగా, అందనంత ఎత్తులో పెట్టి ఊరుకుంది. ఇరవయ్యో రోజున పిచ్చుక, "బంతి ఇవ్వు," అంది. బడంతా చప్పట్లు కొట్టింది. పెద్ద టీచర్ కూడా కొట్టింది, కొంచెం ఆలస్యంగా.

ఆ శుక్రవారం పదకొండింటికి తనిఖీ అధికారిణి వస్తుంది. ఆలోగా ఆ రెండు మాటలూ తనతోనూ ఒక్కసారి అనిపించుకోవాలని పెద్ద టీచర్ ఆశ. పిల్లను పక్కకు పిలిచి సంచి తెరిచి చూపించింది. పిచ్చుక తొంగి చూసింది. ఇంతలో ఆయా పరుగెత్తుకొచ్చింది. సంచి మూతపడింది.

"పసుపు బంతి కనిపించట్లేదమ్మా!"

వెనకే చిన్న టీచర్. "అక్కా, మీరేమైనా చూశారా?"

"నేనెందుకు చూస్తాను?" అంది పెద్ద టీచర్, అవసరమైన దానికన్నా గట్టిగా.

ఇక వెనక్కి తగ్గడానికి లేకపోయింది. ఆయా బొమ్మల అల్మరా బోర్లించింది. బడి బస్సు డ్రైవర్ కర్రతో మురుగు కాలువ కెలికాడు. తేలు కుట్టిన దొంగలా పెద్ద టీచర్ అందరికన్నా శ్రద్ధగా వెతికింది. సంచి భుజాన ఉండగానే బల్లల కింద దూరింది.

"ఆ సంచి ఇటివ్వండి అక్కా, నేను పట్టుకుంటా."

"వద్దు!"

"చూశారా చిన్నమ్మా," అంది ఆయా, "మీ పాఠం ఎక్కడ చెడిపోతుందోనని ఆవిడ ఎంత అల్లాడిపోతున్నారో!"

అధికారిణి వచ్చేసరికి బడంతా నేల మీద పాకుతోంది. సంగతి విని ఆమె కూడా వంగి కుర్చీ కింద చూసింది. అక్కడ ఎదురుపడ్డ పిల్లను మాటవరసకు అడిగింది.

"బంతి ఎక్కడమ్మా?"

పిచ్చుక తీరిగ్గా ఆలోచించింది. "సంచిలో."

"ఎవరి సంచిలో?"

"పెద్ద టీచర్."

పెద్ద టీచర్ కళ్ళు మూసుకుంది. అధికారిణి సంచి తెరిచి బంతి పైకెత్తింది.

"కావలసింది అడగడం ఒక ఎత్తు, ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంకో ఎత్తు! ఇదెవరు నేర్పారు?"

"అడగడం వరకే నేను నేర్పానండీ," అంది చిన్న టీచర్, కళ్ళు తుడుచుకుంటూ. "'ఎక్కడ' అన్నది అక్క ఏడాదిన్నరగా చెబుతున్న పాఠం."

"అందుకా మా అందరి చేతా వెతికించారు! ఒక్క ముక్క చెప్పలేదు, ఎంత గుట్టు తల్లీ!" అంది ఆయా.

అధికారిణి దాన్ని కొత్త పద్ధతిగా రాసుకుంది. వచ్చే నెల పెద్ద టీచర్ మిగతా బడుల టీచర్లకు చేసి చూపించాలనీ, చిన్న టీచర్ ఆమె పక్కనే ఉండి నేర్చుకోవాలనీ చెప్పి వెళ్ళింది.

పెద్ద టీచర్ సరేనంది. చిన్న టీచరుకు నిజం చెప్పడం ఇంకా కాలేదు.