వెన్న మీద వాలింది

ఆ ఉదయం ఇంగ్లీషు మాస్టారు వేసుకున్న పథకం చాలా తేలికైనది. పాఠాల తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. ఆవిడ మెచ్చుకుంటే ఇంగ్లీషు విభాగానికి ఆయనే పెద్ద. అందుకని ఫ్రిజ్‌లోంచి వెన్నముద్ద తీసి డబ్బాలో పెట్టుకున్నారు.

"అదెక్కడికి?" అంది భార్య.

"బటర్‌ఫ్లైకి ఆ పేరెలా వచ్చిందో పిల్లలకి చూపిస్తాను. అది వెన్న దొంగిలిస్తుందని ఇంగ్లీషువాళ్ళు పూర్వం నమ్మేవాళ్ళట."

"రెక్కలు వెన్న రంగులో ఉంటాయనేమో."

"అలా కూడా అంటారు. ఏది నిజమో తేలలేదు. కానీ రంగుని డబ్బాలో పట్టుకెళ్ళలేను కదా."

"మరి సీతాకోకచిలుకలకి ఈ సంగతి తెలుసా?"

"పూలకుండీ పక్కనే పెడతాను. రాకేం చేస్తుంది?" అంటూ ఆయన చెప్పులేసుకున్నారు.

తరగతిలో గుమ్మం పక్కనున్న కిటికీ గట్టు మీద వెన్న పెట్టి, పిల్లల్ని అటు తిప్పి కూర్చోబెట్టారు. "మాట్లాడకుండా చూడండి. బటర్ మీద ఏది వాలితే అదే బటర్‌ఫ్లై."

ఎండ నేరుగా ఆ గట్టు మీదే పడుతోంది. వెన్న కరిగింది, గోడ వెంట జారింది, గుమ్మం ముందు మడుగు కట్టింది. ఏర్పాట్లు చూడ్డానికొచ్చిన హెడ్మాస్టరు దాన్ని నీళ్ళనుకున్నారు.

"ఆవిడొచ్చే వేళకి ఈ తడేమిటండీ?"

మాస్టారు నోరు తెరిచేలోపే ఆయన వరండాలోని తడిగుడ్డ తెచ్చి, నేలంతా స్వయంగా తుడిచారు. వెనక్కి తిరిగి రెండడుగులు వేశారో లేదో, జర్రున జారి కూలబడ్డారు. లేవదీయబోయిన మాస్టారూ పక్కనే చతికిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఇన్‌స్పెక్టరమ్మ నిలబడింది. కింద ఇద్దరు పెద్దమనుషులు. ఎదురుగా కిటికీ మీంచి చూపు తిప్పని పిల్లలు.

"ఏం పాఠం జరుగుతోంది?"

"బటర్‌ఫ్లై అండీ," అన్నారు మాస్టారు, కూర్చున్నచోటి నుంచే.

"బటర్‌ఫ్లై అంటే ఏమిటి, పిల్లలూ?"

"ఈగ," అన్నారందరూ ఒక్క గొంతుతో.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మేమే చూశాం."

ఆవిడ గట్టు మీద మిగిలిన వెన్ననీ, దాని మీద వాలిన ఈగనీ చూసి, గోడ పట్టుకుని జాగ్రత్తగా వెళ్ళిపోయింది. మాస్టారు ఆశ వదిలేసుకున్నారు.

సాయంత్రం హెడ్మాస్టరు నుంచి పిలుపొచ్చింది. ఆయన నడుము కింద వేడినీళ్ళ సంచి ఉంది.

"మిమ్మల్ని విభాగానికి పెద్దని చేశారు."

"పిల్లలు చెప్పింది తప్పు కదండీ?"

"తప్పేనట. కానీ ఎవరో చెప్పింది కాకుండా కళ్ళతో చూసింది చెప్పే పిల్లలు ఈ మధ్య ఎక్కడా తగల్లేదట."

మాస్టారు చొక్కా సర్దుకున్నారు. "ఇంగ్లీషు విభాగమేగా?"

"సైన్సు," అన్నారు హెడ్మాస్టరు. "ఇంగ్లీషు దరిదాపులకి మాత్రం మిమ్మల్ని రానివ్వొద్దన్నారు."